నాకు రాని జబ్బు

నా మీద పడ్డ నింద ఏమిటంటే, నాకు జబ్బు రాలేదని. వినేవాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం నెలల తరబడి నడిచిన పంచాయితీ అదే. నా భర్తకు హెచ్ఐవీ ఉందని తేలింది, నాకు లేదని తేలింది. మొదటి మాటకు మా అత్తమ్మ ఏడ్చింది. రెండో మాటను క్షమించలేకపోయింది.

ముందు మనుషుల్ని చెప్పాలి. మాది మిర్యాలగూడ. నా భర్త నాకు మేనబావ, మా నాన్న సొంత అక్క కొడుకు. అంటే అత్తమ్మ నాకు పుట్టుకతోనే అత్తమ్మ. చిన్నప్పుడు హాలియాలో మా ఇంటికొచ్చినప్పుడల్లా నాకు జడలేసిన మనిషి. బావ రైస్ మిల్లుల నుంచి బియ్యం లోడు తీసుకెళ్ళే లారీ నడుపుతాడు. నేను వేములపల్లి వైపు ఒక సర్కారు హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. పిల్లల్లేరు.

లేకపోవడానికి కారణం అందరి దృష్టిలోనూ నేనే. గొడ్రాలు అన్న మాట అత్తమ్మ నా వెనకాల అనేది, పండుగలప్పుడు నా ముందే అనేది. జరిగింది వేరు. పెళ్ళయిన రెండేళ్ళకు బావ "ఇప్పుడే వద్దు" అన్నాడు. నెలనెలా గర్భం రాకుండా వేసుకునే గోళీలు తనే తెచ్చి ఇచ్చేవాడు. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది, సరేననుకున్నాను. తర్వాత, ఇల్లు కట్టాక అన్నాడు. ఇల్లయ్యాక, సొంత లారీ కొన్నాక అన్నాడు. ముప్పై ఆరో ఏట ఆ గోళీలు చెత్తబుట్టలో పారేసి, ఇంక వేసుకోనని చెప్పాను. ఆ నెల నుంచే బావకు నడుంనొప్పి మొదలైంది, లారీ క్యాబిన్లో పడుకోవడం మొదలైంది. ఇదంతా అత్తమ్మకు చెప్పి ఉంటే గొడ్రాలన్న మాట నాకు తప్పేది. మొగుడి మాట బయటపెట్టకూడదని నోరు మూసుకున్నాను. ఆ మర్యాదకు నాకెవరూ శాలువా కప్పలేదు.

జబ్బు సంగతి హెర్నియాతో బయటపడింది. బావకు గజ్జల్లో హెర్నియా చాలా ఏళ్ళుగా ఉంది. బెల్టు కట్టుకుని లారీ నడిపేవాడు. ఆపరేషన్ చేయించుకోమని ఎన్నిసార్లు పోరినా "లారీ నువ్వు నడుపుతవా" అని ఎగతాళి చేసి తప్పించుకునేవాడు. కత్తికి భయపడుతున్నాడని నేను నవ్వేదాన్ని. ఒకరోజు సూర్యాపేట దగ్గర పేగు ఇరుక్కుని, రోడ్డు పక్కన వాంతులు చేసుకుంటూ పడిపోయాడు. తోటి డ్రైవర్లు అక్కడే ఒక నర్సింగ్ హోంలో చేర్చి ఫోన్ చేశారు. నేనూ అత్తమ్మా పరుగెత్తుకుంటూ పోయేసరికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చి ఉంది. కాంపౌండర్ ఒకతను వరండాలో అందరూ వినేలా చెప్పాడు.

"ఈ కేసు మాతోని కాదమ్మా. హెచ్ఐవీ ఉంది. హైదరాబాద్ తీస్కపోండ్రి."

బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు దగ్గరకు తీసుకున్నారు. ఇరుక్కున్న పేగుతో ఉన్న మనిషిని అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకుపోయాం. పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు, బతికాడు. స్పృహ వచ్చాక డాక్టర్ సంగతి చెప్పి, ఇది ఎన్నేళ్ళ నాటిదైనా కావచ్చంటే బావ కళ్ళు మూసుకుని "నాకేం తెల్వదు" అన్నాడు. పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది, అది కూడా రాసి పెట్టుకోవాలి.

నేను పరీక్షకు మిర్యాలగూడలో పోలేదు. ఇక్కడ ఎవరూ పోరు. ఈ జబ్బు విషయంలో మా మూడు ఊళ్ళకూ ఒక అలవాటు ఉంది. మిర్యాలగూడ వాళ్ళు మందులకు కోదాడ పోతారు, కోదాడ వాళ్ళు సూర్యాపేట పోతారు, సూర్యాపేట వాళ్ళు మా మిర్యాలగూడ వస్తారు. ఇంటి పక్క దవాఖానలో అదే మందు ఉచితంగా ఇస్తున్నా, తెలిసిన మొహం కనబడకూడదని బస్సెక్కుతారు. బస్సులో ఎదురుపడినవాళ్ళు ఒకరినొకరు చూడనట్టు కిటికీలోంచి పొలాలు చూస్తారు. నేనూ ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని, కోదాడలో మా ఊరివాళ్ళే ఎదురుపడతారని సూర్యాపేట పోయాను. లేదన్నారు. మూడు నెలలాగి మళ్ళీ చేశారు. లేదన్నారు.

ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాను చూడండి, అక్కడ మొదలైంది.

అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మొగనితోని కాపురం చేసినదానివైతే నీకెందుకు రాలే?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వు దగ్గరికి రానిస్తే నా కొడుకు బయటికెందుకు పోతడు? లారీల పండుకునేటట్టు చేసినవ్. వాడు గిట్ల అయిండంటే నీ పుణ్యమే."

బావ అక్కడే మంచం మీద ఉన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మాట ఇంట్లో ఆగలేదు. హాలియా నుంచి నాన్నను పిలిపించింది. కుర్చీలు వేసి, టీలు పోసి, తమ్ముడితో చెప్పింది. "నీ బిడ్డను తీస్కపో తమ్మీ. పద్నాలుగేండ్లు పేరుకే పెండ్లాం. పిల్లలు లేరాయె, మొగన్ని రోడ్డుపాలు చేసె. ఈమెకు ఈ ఇంట్ల పని లేదు." నాన్న తల వంచుకుని "అక్కా, జర నిదానం" అన్నాడు. అంతకు మించి అక్క ముందు ఆయన నోరు ఎప్పుడూ లేవలేదు. ఇంక నేను చెప్పాలి. ఏం చెప్పాలి? కన్నతండ్రి ముందు నిలబడి, నేను నా మొగుడితో సక్రమంగానే కాపురం చేశానని, ఎన్ని ఏళ్ళు ఎలా చేశానో విడమరిచి చెప్పాలా? చెప్పవలసిన మనిషి ఒక్కడే. అతను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నాన్న కూడా ఆ రోజుకు ఏదో సర్దిచెప్పి, "మళ్ళొచ్చినప్పుడు మాట్లాడుదం" అని బస్సెక్కాడు. నన్ను పంపించెయ్యాలా వద్దా అన్నది వాయిదా పడింది, అంతే.

నాకు రుజువు కావాల్సి వచ్చింది. నేను పెళ్ళాన్నే అని రుజువు.

మొగుడికున్న హెచ్ఐవీ పెళ్ళానికి ఎందుకు రాదో నా ఎమ్మెస్సీ పుస్తకంలో అర పేజీ కూడా లేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో టిఫిన్ బాక్సు పక్కన పెట్టి ఫోన్లో చదువుకున్నాను. మన ఒంట్లో తెల్ల రక్తకణాలు దారీతెన్నూ లేకుండా తిరగవు. వేలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడి కణజాలం కీమోకైన్లు అనే చిన్న ప్రోటీన్లను వదులుతుంది. పోపు వాసనలా అవి చుట్టూ వ్యాపిస్తాయి. వాటిని పట్టుకునే గ్రాహకాలు తెల్లకణం పైపొరలో ఉంటాయి. పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూర్చి కుట్టినట్టుండే ప్రోటీన్లవి. కీమోకైన్ బయట తగలగానే గ్రాహకం ఆకారం మారుతుంది, కబురు లోపలికి అందుతుంది, కణం ఒళ్ళు సాగదీసి వాసన గాఢంగా ఉన్నవైపు పాకుతుంది. గాయం మానడానికి ఇది కావాలి. కీళ్ళవాతంతో అత్తమ్మ వేళ్ళ కణుపులు వాచేదీ ఇలాంటి పిలుపులతోనే, కాకపోతే అక్కడ తరమాల్సిన శత్రువే లేదు. పిలిచారు కదా అని కణాలు వచ్చి కీళ్ళమీద పడతాయి. కొన్ని క్యాన్సర్ కణాలు కూడా ఇలాంటి గ్రాహకాలతోనే ఎముకల్లోకి దారి వెతుక్కుంటాయట.

నాకు కావలసింది ఆ కింద ఉంది. హెచ్ఐవీ కణంలో దూరాలంటే ఒక్క పట్టు చాలదు. ముందు సీడీ4 అనే ప్రోటీన్ని పట్టుకుంటుంది, తర్వాత చాలావరకు సీసీఆర్5 అనే కీమోకైన్ గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఒంటి కాపలా కోసం పెట్టుకున్న తలుపే దానికి దారి. కొద్దిమందికి, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన ఆ గ్రాహకపు జన్యువు రెండు కాపీల్లోనూ ఒక ముక్క ఎగిరిపోయి ఉంటుంది. వాళ్ళ కణాల మీద ఆ గ్రాహకమే ఉండదు. వైరస్ వచ్చినా మామూలుగా లోపలికి పోలేదు. ఇలాంటివాళ్ళు ఉత్తర యూరప్‌లో కొంతమంది ఉంటారని, మన దేశంలో దాదాపు లేరని కూడా రాసి ఉంది. ఆ వాక్యం చదివాను. చదివి, నాది కాదన్నట్టు తెరను పైకి జరిపేశాను. పదో తరగతి పిల్ల అలా చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

నాతో ఎమ్మెస్సీ చదివిన స్నేహితురాలు హైదరాబాద్‌లో ఒక ల్యాబులో జన్యుపరీక్షలు చేస్తుంది. సిగ్గు విడిచి ఆమెకు అంతా చెప్పాను. రక్తం ఇచ్చి రమ్మంది. ఇచ్చి వచ్చాను. ఫలితం రాకముందే అత్తమ్మ ముందు కూర్చుని, నాకు తెలిసిన బయాలజీ అంతా చెప్పాను. ఎంత ఆశగా చెప్పానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"అంటే నీ ఒంట్ల దర్వాజ లేదంటవ్?" అంది అత్తమ్మ.

"లేకపోవచ్చు అత్తమ్మా. అందుకే నాకు రాలేదు. నేను బావను దూరం పెట్టి కాదు."

ఆమె చాలాసేపు వేళ్ళు నొక్కుకుంటూ ఆలోచించింది. ఆమె మూర్ఖురాలు కాదు, లెక్క తెగేదాకా వదలదు.

"గా దర్వాజ లేకనే పిల్లలు గూడ కాలేదా మరి?"

నేను బావ వైపు చూశాను. పిల్లలు ఎందుకు కాలేదో ఈ భూమ్మీద తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఇన్ని నెలల్లో మొదటిసారి అతను ఆ మాటల మధ్యలోకి వచ్చాడు.

"అయ్యుంటదమ్మా" అన్నాడు.

తల్లి ముందు గోళీల సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాడేమో అని నేనే అతని తరఫున వాదించుకున్నాను. మనం ఎంత మంచి వకీళ్ళమో మనకు అన్యాయం చేసేవాళ్ళ విషయంలోనే తెలుస్తుంది. అత్తమ్మ మాత్రం కొంచెం మెత్తబడింది. నన్ను హాలియా పంపే మాట ఆపింది. పక్కింటివాళ్ళతో "మా కోడలి రక్తమే వేరేనంట" అని ఏ జబ్బో చెప్పకుండా చెప్పుకుంది.

ఫలితం ఒక మధ్యాహ్నం వచ్చింది. స్నేహితురాలు ఫోన్ చేసింది.

"రెండు కాపీలూ మామూలుగానే ఉన్నాయే. నీ సీసీఆర్5 అందరిలాంటిదే."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశా. కారణం నీ రక్తంలో లేదు. మందు సరిగ్గా వాడుతూ వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవాళ్ళ నుంచి భార్యకు రాదు. కానీ మీ ఆయనకు ఇప్పుడే కదా తెలిసింది?"

"ఇప్పుడే" అన్నాను.

అత్తమ్మకు ఆ ఫలితం చెప్పలేదు. మెత్తబడ్డ మనిషిని మళ్ళీ రాయి చేసే ఓపిక నాకు లేదు.

ఆ నెల బావ మందులకు కోదాడ పోతుంటే నేనూ వస్తానన్నాను. ఆపరేషన్ తర్వాత ఒక్కడే పోయి పేరు రాయించుకుని నెలనెలా మందులు తెచ్చుకుంటున్నానని చెప్పి ఉన్నాడు. నన్ను వద్దన్నాడు. బరువు మోయకూడదు, బస్సు కుదుపులకు కుట్లు పడ్డచోట లాగుతుంది, తోడుంటే మంచిదని బ్యాగు తీసుకుని ముందే బయల్దేరాను. హుజూర్‌నగర్ దాటాక అతను మాట్లాడటం మానేశాడు.

కోదాడ దవాఖానలో మందులిచ్చే గది ఎక్కడుందో బయట బోర్డు లేదు. కావాలనే పెట్టరు. బావ ఎవర్నీ అడగలేదు. గేటు పక్కనుంచి తిరిగి, మెట్లెక్కకుండా వెనక సందులోంచి తీసుకుపోయాడు. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నా, ఫ్యాన్ కింద గోడ వార ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ అతన్ని చూసి నవ్వింది.

"ఏమన్నా, గా మధ్యల ఓ నెల కనపడలే? పానం మంచిగ లేదా?"

బావ తల ఊపి, నేల చూశాడు.

వంతు వచ్చాక ఇద్దరం లోపలి గదిలోకి పోయాం. అక్కడి కౌన్సిలర్ కోదాడ ఆమె. నన్ను చూసి కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. "మీరేనా అండీ ఆయన భార్య? ఇన్నేళ్ళకి తీసుకొచ్చాడు మిమ్మల్ని. మా ఆవిడకి అన్నీ తెలుసు, ఉద్యోగం వల్ల కుదరట్లేదని చెప్తూనే ఉన్నాడు" అంది. నేను అన్నీ తెలిసినదానిలా కూర్చున్నాను. ఎన్నేళ్ళని అడగలేదు, అడగకుండానే ఆమె చెప్పింది. టీబీ వచ్చినప్పుడు బయటపడిందట. మా పెళ్ళయిన రెండో ఏడు. ఆర్నెల్లు రోజూ గుడ్లు ఉడకబెట్టి పెట్టాను ఆ దగ్గుకు.

"చాలా క్రమశిక్షణండీ ఈయనకి. ఆపరేషన్ నెల తప్పిస్తే రావడం ఎప్పుడూ మానలేదు. వైరల్ లోడు ఎప్పుడు చూసినా దొరకనంత తక్కువే. అందుకే మీరు బాగున్నారు. మందు మొదలుపెట్టకముందు మీకు రాకపోవడం మాత్రం మీ అదృష్టం. పిల్లలెంతమందండీ?"

"లేరు."

"అయ్యో, ఎందుకని? మందు ఇంత బాగా వాడేవాళ్ళు చక్కగా కనొచ్చండీ. బయట బెంచీ మీద కూర్చుందే ఆవిడ, ఆవిడకి కూడా ఉంది జబ్బు. ఆ పాపకి లేదు. మీకు చెప్పలేదా ఈయన? ఎన్నిసార్లు చెప్పానో తీసుకురమ్మని."

నా వయసు నలభై ఒకటి. ఆ గదిలో అది నాకు ఎవరో కొత్తగా చెప్పినట్టు తెలిసింది.

బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. చుట్టూ జనం ఉన్నారు, గట్టిగా అరవలేను. అతను కూడా ఆ ధైర్యంతోనే అన్నీ ఒప్పుకున్నాడు.

"ఎక్కడ అంటిందో, ఎప్పుడంటిందో నాకే తెల్వది. తెల్సినకాడికెల్లి ఒక్క పూట గూడ మర్వలే గోళీ. నీకు రావద్దనే."

"నాకు చెప్పకుండా నా మీదే పరీక్ష పెట్టినవా బావా?"

"దవాఖానల సార్లు రాదన్నరు. రాలే గద?"

"పిల్లలు?"

మిర్యాలగూడ బస్సు వచ్చింది, పోయింది.

"కడుపైతే నీ రక్తం తీస్తరు" అన్నాడు. "ఎనకనే మొగన్ని గూడ పిలుస్తరు. చీటీ మీద రాస్తరు. అందరికీ తెలుస్తది."

అంతే. హెర్నియా బెల్టు ఎందుకు కట్టుకున్నాడో, నాకు గోళీలు ఎందుకు తెచ్చాడో, రెంటికీ కారణం అదే. రక్తం తీసే చోటికి తను పోకూడదు, తన వాళ్ళెవరూ పోకూడదు. తన మందులకు కోదాడ పోయిన ప్రతిసారీ నా గోళీలు కూడా అక్కడే కొనేవాడట, మన ఊళ్ళో కొంటే బాగుండదని. ఒక కవర్లో రెండూ. అతన్ని బతికించేది ఒకటి, నా కడుపు మూసేది ఒకటి.

నాకు జబ్బున్న మనిషి మీద కోపం లేదు. జబ్బు ఎవరికైనా వస్తుంది. ఎక్కడికి పోయి తెచ్చుకున్నాడన్నది కూడా ఆ రోజుకు నాకు చిన్న విషయమైపోయింది. తల్లి నన్ను గొడ్రాలంటుంటే పక్కన కూర్చుని అన్నం కలుపుకున్నాడే, నా తండ్రి ముందు నన్ను కాపురం చెయ్యని దాన్ని చేస్తుంటే టీ తాగాడే, "అయ్యుంటదమ్మా" అన్నాడే, దానికి నాకు కోపం. ఆ కోపం తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడం కూడా లేదు.

"చెప్తే నువ్వు ఉంటుంటివా?" అన్నాడు చివరకు.

ఉండేదాన్నో లేదో ఇప్పుడు నాకూ తెలియదు. తెలుసుకునే హక్కు నాది. దాన్ని కూడా అతనే వాడేసుకున్నాడు.

ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టకముందే అత్తమ్మకు చెప్పాను. ఈసారి ఎవరి మర్యాదా చూడలేదు. నీ కొడుక్కు పన్నెండేళ్ళుగా తెలుసు, ఆ మందు వల్లే నాకు రాలేదు, నా ఒంట్లో అందరికీ ఉన్నవన్నీ ఉన్నాయి అన్నాను. ఆమె వింటూ వింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడన్నా నన్ను దగ్గరకు తీసుకుంటుందేమో అనుకున్నాను. చిన్నప్పుడు జడలేసిన మనిషే కదా.

"సూసినవా" అంది. "నా కొడుకు నిన్ను ఎంత కాపాడుకున్నడో. వేరేటోడైతే అంటించి పోతుండె. వాని కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకోవాలె నువ్వు."

అప్పుడు గోళీల సంగతి చెప్పాను. ఎవరు తెచ్చారో, ఎన్నాళ్ళు తెచ్చారో, ఎందుకు తెచ్చారో. నీకు మనవలు లేకుండా చేసింది నీ కొడుకు, నేను కాదు అన్నాను. బావ గడపలోనే నిలబడి ఉన్నాడు. అత్తమ్మ అతని వైపు చూసింది. ఒక్క క్షణం ఆమె మొహంలో ఏదో విరిగింది. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. పద్నాలుగేళ్ళకు ఒక్క మాట, తప్పయిందనో, అయ్యో బిడ్డా అనో.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పోనీ తియ్యి. పిల్లలు లేకపోతే లేకపాయె, వాడు పానంతోని ఉన్నడు గద" అంది. "పో, వానికింత అన్నం పెట్టు. గా గోళీలు ఖాళీ కడుపున ఏసుకుంటడా ఏంది?"

నేను లేవలేదు. ఆమే లేచి పెట్టింది. బావ చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు, కలుపుకుని తిన్నాడు, ఇంకొంచెం పప్పు వెయ్యమని అడిగాడు.